వైస్ మీద పేరు అసలుదే, మరి వైస్?

కొత్త_మిల్లర్
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

వాడేసిన మిల్లింగ్ వైస్ ఒకటి కొన్నాను, అంటే కోసేటప్పుడు ముక్కని బిగించి పట్టే పరికరం. ఆరంగుళాల జా (ముక్కని పట్టే దవడ). పక్కన రేకు మీద కర్ట్ అనే కంపెనీ పేరు, దాని కింద డీ688 అని ఉంది. అమ్మినాయన "ఒరిజినల్, జీవితంలో ఇంకో వైస్ కొనక్కర్లేదు" అన్నాడు. తెచ్చి తుడిచాక అనుమానం మొదలైంది. బాడీ పాతదే, పెయింటు మాత్రం నిన్న వేసినట్టుంది. రేకు బిగించిన రెండు స్క్రూలూ తళతళలాడుతున్నాయి. గట్టిగా బిగిస్తే కదిలే జా కొంచెం పైకి లేస్తున్నట్టు కూడా అనిపిస్తోంది. నా భ్రమేమో తెలీదు.

ఇది అసలుదా, నకిలీదా? ఎలా తేల్చుకోవాలి? నా దగ్గర డయల్ గేజ్ (సన్నటి తేడాలు చూపే ముల్లు కొలమానం), ఒక జత ప్యారలల్స్ (ముక్క కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు), ఫీలర్ గేజ్ (సందులు కొలిచే రేకులు) ఉన్నాయి. అంతే.

స్పిండిల్_శబ్దం
జా లేస్తోందంటే నకిలీయే. ఇంకేం చూడక్కర్లేదు. వెనక్కి ఇచ్చెయ్.

చిప్పుల_బుట్ట
తొందరపడకు బాబూ. నా దగ్గరున్నది పచ్చి కాపీ, తొమ్మిదేళ్ల నుంచి వాడుతున్నా, జా లేవదు. అసలు వైస్‌లు లేవడమూ చూశాను. లేవడానికి కారణాలు వేరే ఉంటాయి.

స్పిండిల్_శబ్దం
మీ కాపీకి మీరే వకీలు :)

మైక్రాన్_మావయ్య
ముందు మాటలు సరిచేసుకుందాం, లేకపోతే ఈ చర్చ పది పేజీలు పోతుంది.

నకిలీ అనే మాట కింద మనం రెండు వేర్వేరు వస్తువుల్ని కలిపేస్తాం. ఒకటి, ఇంకొకరి పేరు తగిలించుకుని వచ్చేది. అది మోసం. రెండోది, తన పేరుతోనే వచ్చి ఆ డిజైన్‌ను అనుసరించేది. అది కాపీ, మోసం కాదు. కర్ట్ వాళ్లది అమెరికాలోని మిన్నియాపొలిస్, 1946లో మొదలైన కంపెనీ. కదిలే జాని ముందుకు తోస్తూనే కిందికి లాగే ఏర్పాటును వాళ్లు యాంగ్‌లాక్ అన్నారు. పేటెంటు ఎప్పటికీ ఉండదు. ఆ పద్ధతిలో ఇప్పుడు ఎందరో చేస్తున్నారు, "యాంగిల్ లాక్ వైస్" అనే పేరుతోనే అమ్ముతున్నారు. వాటిలో మంచివీ ఉన్నాయి, బరువు తప్ప ఇంకేమీ లేనివీ ఉన్నాయి.

కాబట్టి నీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. రేకు చెప్పేది నిజమా? వైస్ పని చేస్తుందా? రెండోది డయల్ గేజ్‌తో ఒక పూటలో తేలుతుంది. మొదటిదానికి ముందు ఒక పని చెయ్. జాని పూర్తిగా వెనక్కి తిప్పి, రెండు జా ప్లేట్ల మధ్య దూరం కొలిచి ఇక్కడ పెట్టు.

కొత్త_మిల్లర్
కొలిచాను మావయ్యగారూ. 190 మి.మీ. పైన ఒక వెంట్రుక.

మైక్రాన్_మావయ్య
అయితే ఆ రేకు ఈ వైస్‌ది కాదు.

ఆ నంబర్లలోనే కొలత ఉంటుంది. 6 అంటే జా వెడల్పు ఆరంగుళాలు. తర్వాతి రెండంకెలు ఎంత తెరుచుకుంటుందో చెబుతాయి. 688 అయితే 8.8 అంగుళాలు, అంటే దాదాపు 223 మి.మీ. 675 అయితే 7.5 అంగుళాలు, 190.5 మి.మీ. నీది తెరుచుకునేది 675 అంత, మెడలో పలక 688ది.

చిప్పుల_బుట్ట
హహ. ఎద్దుకి గుర్రం నాడా కొట్టారన్నమాట.

స్పిండిల్_శబ్దం
నేను ముందే చెప్పాను.

రాగి_సుత్తి
మీరు చెప్పింది జా గురించి, రేకు గురించి కాదు :) పైగా రేకు తప్పయినంత మాత్రాన వైస్ తప్పని కాదు. అసలు 675కే ఎవరో దొరికిన రేకు తగిలించి ఉండొచ్చు, షాపుల్లో పెయింటు వేసేటప్పుడు అలాంటివి జరుగుతాయి. లేదా 675ని చూసి పోసిన కాపీ కావచ్చు, వాటికి కొదవ లేదు.

జా ప్లేట్ బోల్టుల మధ్య దూరం కొలవమని ఎవరైనా చెబితే దాన్నీ సాక్ష్యంగా తీసుకోకు తమ్ముడూ. ఆరంగుళాల వైస్‌కి అది 3.875 అంగుళాలు, 98.4 మి.మీ. దాకా వస్తుంది. కాపీలు తీసేవాళ్లు మొట్టమొదట కలిపేది ఆ కొలతనే. అది కలిస్తేనే బయట దొరికే సాఫ్ట్ జాలన్నీ (మెత్తటి జా ప్లేట్లు) వాటికీ పడతాయి. అక్కడ కలవకపోతే అనుమానించు, కలిసిందని నమ్మకు.

కొత్త_మిల్లర్
కలిసింది అక్కా. సంతోషపడబోయాను, ఇంతలో మీ పోస్టు వచ్చింది.

పోత_ఇనుము
నేను ఫౌండ్రీ మనిషిని, మిల్లింగ్ అంతంతమాత్రం. కాబట్టి బాడీ గురించి మాత్రం చెబుతాను.

పైకి అన్నీ ఒకేలా కనిపించినా పోత ఇనుములో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. గ్రే ఐరన్‌లో గ్రాఫైట్ రేకులు రేకులుగా ఉంటుంది. ఆ రేకుల అంచులే లోపల పగుళ్లలా పనిచేస్తాయి, అందుకే లాగితే పుటుక్కున విరుగుతుంది. ఎస్‌జీ ఐరన్‌లో అదే గ్రాఫైట్ గుండ్రటి పూసల్లా ఉంటుంది. పూసకి అంచు లేదు, పగులు మొదలవడానికి చోటు లేదు. 1943లో కీత్ మిల్లిస్ అనే ఆయన ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ పరిశోధనశాలలో కరిగిన ఇనుములో మెగ్నీషియం కలిపి ఇది సాధించాడు. 1949 అక్టోబరులో పేటెంటు వచ్చింది.

కర్ట్ వాళ్లు తమ బాడీలకి 80,000 పీఎస్ఐ ఎస్‌జీ ఐరన్ అని చెబుతారు. మా భాషలో 80-55-06 అనే గ్రేడులో మొదటి అంకె అదే. అంటే విరిగే ముందు తట్టుకునే బలం చదరపు అంగుళానికి 80,000 పౌన్లు, సాగడం మొదలయ్యేది 55,000 దగ్గర, విరిగేలోపు సాగేది 6 శాతం. మామూలు గ్రే ఐరన్ 20,000 నుంచి 40,000 మధ్య ఉంటుంది, సాగడమనేదే దాదాపు ఉండదు. చవక వైస్‌లో టీ-స్లాట్ బోల్టు (వైస్‌ను టేబుల్‌కి పట్టే బోల్టు) బిగించే చెవి విరిగిందని ఎవరైనా ఫొటో పెడితే, విరిగిన చోటు ముదురు బూడిద రంగులో ఉందేమో చూడండి. చాలాసార్లు అలాగే ఉంటుంది.

విరక్కుండా తెలుసుకోవాలంటే వైస్‌ను విప్పి, ఖాళీ బాడీని తాడుతో కొంచెం ఎత్తి చిన్న సుత్తితో తట్టు. ఎస్‌జీ ఐరన్ గంటలా మోగుతుంది, మోత కాసేపు నిలుస్తుంది. గ్రే ఐరన్ "టక్" అని ఆగిపోతుంది. మేము ఫౌండ్రీలో పోతలు వేరు చేసేటప్పుడు ముందు చేసే పనే ఇది. కానీ పగులున్న ఎస్‌జీ కూడా మొద్దుగానే మోగుతుంది. దళసరి పుట్టీ ఉన్నా అంతే.

కొత్త_మిల్లర్
వైస్‌కి పుట్టీనా? గోడలకి కదా పెట్టేది?

పోత_ఇనుము
పోతలో గుంటలు పడితే పుట్టీ నింపి, రుద్ది, పైన పెయింటు కొడతారు. మిషన్ల బాడీలకి మంచి కంపెనీలు కూడా నునుపు కోసం పల్చగా పెడతాయి, అది తప్పు కాదు. బలం పడే చోట గుంటను దాచడానికి పెడితేనే తప్పు. అడుగున కనబడని మూల చిన్న అయస్కాంతం ఆనించి చూడు, పుట్టీ దళసరిగా ఉన్న చోట పట్టు తగ్గుతుంది. ఇంకో గుర్తు ఉంది. అడుగున ఎప్పుడైనా రంధ్రం వేయాల్సి వస్తే పొట్టు చూడు. గ్రే అయితే నల్లటి పొడి రాలుతుంది, చేతులు బొగ్గు పట్టినట్టవుతాయి. ఎస్‌జీ అయితే పొట్టి పొట్టి చుట్టలు వస్తాయి.

పరీక్ష కోసమని మాత్రం రంధ్రం వేయకు నాయనా.

స్పిండిల్_శబ్దం
ఆకురాయితో చూస్తే సరిపోతుంది కదా, ఇంత ఎందుకు? జా ప్లేట్ మీద గీస్తే తెలుస్తుంది.

రాగి_సుత్తి
జా ప్లేట్ అడుగు మూలన, కనబడని చోట, పాత ఆకురాయితో ఒక్కసారి. గట్టి ప్లేటైతే జారిపోతుంది, పంటి కింద గాజు గీసిన శబ్దం వస్తుంది. మెత్తటిదైతే కొరుకుతుంది. కానీ అది ప్లేట్ సంగతి చెబుతుంది, వైస్ సంగతి కాదు. రెండు బోల్టులు తీస్తే ప్లేట్ మారిపోతుంది. కావాలనే మెత్తటి స్టీలు ప్లేట్లు వేసుకుని జాబ్ (కోసే ముక్క) ఆకారానికి తగ్గట్టు కోసుకునేవాళ్లు కూడా ఉన్నారు. అవి చూసి నకిలీ అనుకుంటే నవ్వుతారు.

జాబ్ కూర్చునే బెడ్ మీద మాత్రం ఆకురాయి పెట్టకు. ఎవరు చెప్పినా సరే.

మైక్రాన్_మావయ్య
ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కదిలే జా ఎందుకు లేస్తుందో అర్థమైతే ఏం చూడాలో నీకే తెలుస్తుంది.

స్క్రూ ఉండేది కింద, బెడ్ లోపల. జాబ్ ఉండేది పైన, జా ప్లేట్ల మధ్య. నువ్వు బిగిస్తే తోపు కింద పడుతుంది, ఎదురు తోపు పైన వస్తుంది. ఈ రెండూ ఒకే గీత మీద లేవు కాబట్టి కదిలే జా వెనక్కి ఒరగాలని చూస్తుంది. జాకి బెడ్‌కి మధ్య కొంచెమైనా వదులు లేకపోతే జా జరగదు. ఆ వదులులోనే ముందు మూతి పైకి లేస్తుంది. దాన్ని పట్టుకుని జాబ్ కూడా లేస్తుంది. ఫిక్స్‌డ్ (కదలని) జా వైపు ప్యారలల్ బిగుసుకుని, కదిలే జా వైపు ప్యారలల్ వదులుగా ఆడటం ఇందుకే. మనం రాగి సుత్తితో జాబ్ మీద కొట్టి కిందికి దించేది ఈ లేవడాన్నే. డ్రిల్లింగ్ వైస్‌లలో ఇది మామూలు, ఎవరూ పట్టించుకోరు. మిల్లింగ్‌లో పట్టించుకోక తప్పదు.

యాంగ్‌లాక్ పద్ధతిలో స్క్రూ జాని నేరుగా తోయదు. నట్టుకి ఏటవాలు ముఖం ఉంటుంది. నట్టుకీ జాకీ మధ్య ఒక అరగోళం, అంటే సగానికి కోసిన గుండు ఉంటుంది. గుండ్రటి వైపు జా లోపలి గుంటలో కూర్చుంటుంది, చదును వైపు నట్టు ఏటవాలు మీద ఆనుతుంది. నట్టు ముందుకు వస్తే ఆ ఏటవాలు జాని ముందుకీ కిందికీ కలిపి లాగుతుంది. ముందుకు తోసే ప్రతి పౌనుకీ అర పౌను కిందికి అని కంపెనీ లెక్క. చదును మీద చదును కాబట్టి బరువు ఒక చుక్క మీద కాక వైశాల్యం మీద పడుతుంది. గుండ్రటి వైపు తిరగగలదు కాబట్టి జాబ్ కొంచెం వంకరగా ఉన్నా జా సర్దుకుంటుంది.

ఈ వైస్‌కి గుండెకాయ అదే. కాపీలు తేలిపోయేదీ అక్కడే. కొన్నిట్లో అరగోళం గరుకుగా ఉంటుంది, కొన్నిట్లో నట్టు ఏటవాలు పోతలో వచ్చింది వచ్చినట్టు వదిలేస్తారు. వీటి పైన రంగు ఎంత బాగున్నా ఒకటే.

జాని తీసి లోపల చూడు. జా వెనకవైపు ఒక సెట్ స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేసి జాని ముందుకు తోస్తూ ఎత్తితే వస్తుంది. కింద గుడ్డ పరుచుకో. అరగోళం గ్రీజుకి అంటుకుని ఉంటుంది, ఎత్తగానే జారి మెషిన్ కిందికి దొర్లిపోతుంది. అనుభవంతో చెబుతున్నా.

విప్పకముందు ఇవి కొలువు. డయల్‌ని స్పిండిల్‌కి (టూలు తిరిగే ఇరుసుకి) తగిలించి బెడ్ మీద నిలువునా అడ్డంగా నడిపించు. తర్వాత ఒక చదునైన దిమ్మ పట్టి, కదిలే జా పైన డయల్ ఆనించి మెల్లగా బిగించు, ఎంత లేస్తుందో రాసుకో. అదే విధంగా ఫిక్స్‌డ్ జా వెనక డయల్ పెట్టి బిగించి చూడు. అది కొంచెం వెనక్కి వంగుతుంది, వంగని ఇనుము లేదు. వదలగానే సున్నాకి రావాలి.

చిప్పుల_బుట్ట
మావయ్యగారు రాసింది అందరూ దాచుకోండి. ఒకటి కలుపుతా. వైస్‌ను టేబుల్‌కి బిగించకముందు ఒకసారి, బిగించాక ఒకసారి బెడ్ కొలవాలి. రెండింటికీ తేడా వస్తే వైస్ అడుగు చదునుగా లేదని అర్థం, బోల్టులు దాన్ని వంచుతున్నాయి. నా కాపీకి ఉన్న జబ్బు అదొక్కటే ఉండేది. అడుగు గ్రైండ్ చేయించాక పోయింది.

స్పిండిల్_శబ్దం
అంటే మీ కాపీ కొత్తగా వచ్చినప్పుడు వంకరే :)

చిప్పుల_బుట్ట
ఒప్పుకుంటాను. వంకరే.

కొత్త_మిల్లర్
కొలిచాను. చేతులు వణుకుతూ కొలిచాను అనడం నయం. టేబుల్ తుడిచి, వైస్ అడుగున బర్ (పైకి లేచిన ఇనుప అంచు) ఏమీ లేకుండా రాయితో రుద్ది పెట్టాను.

బెడ్ నిలువునా 0.04 మి.మీ. తేడా. ఎడమవైపు పల్లం. అడ్డంగా 0.01.
కదిలే జా లేవడం 0.09. డయల్ మీద తొమ్మిది గీతలు!
ఫిక్స్‌డ్ జా వెనక్కి 0.02 వంగి, వదలగానే సున్నాకి వచ్చింది.

బెడ్ 0.04 అంటే ఇక అయిపోయినట్టేనా? టెన్షన్‌గా ఉంది.

రాగి_సుత్తి
టెన్షన్ పడకు, వైస్‌ను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలువు. పల్లం వైస్‌తో పాటు కుడివైపుకి వస్తే తప్పు వైస్‌ది. ఎడమవైపే ఉండిపోతే తప్పు నీ టేబుల్‌ది. డయల్‌కి వైస్ ఏదో టేబుల్ ఏదో తెలీదు, రెండింటి తప్పూ కలిపి చూపిస్తుంది.

ఫిక్స్‌డ్ జా మాత్రం నాకు నచ్చింది. గ్రే ఐరన్‌తో పల్చగా పోసిన వైస్‌లలో ఇంతకన్నా బాగా ఎక్కువ వంగడం, వదిలాక పూర్తిగా వెనక్కి రాకపోవడం చూశాను.

కొత్త_మిల్లర్
తిప్పాను అక్కా. పల్లం ఎడమవైపే ఉంది. వైస్‌ను తప్పుబట్టబోతే నా మెషిన్ దొరికింది :( ఇంతకాలం ఈ టేబుల్ మీదే పని చేశానా!

మైక్రాన్_మావయ్య
టేబుల్ గిబ్‌లు (జారే చోట వదులు సర్దే పట్టీలు) వదులుగా ఉన్నాయేమో చూసుకో. టేబుల్ చివరిదాకా వెళ్లినప్పుడు దాని బరువుకే వాలుతుంది. దానికి ఇంకో చర్చ పెట్టు, ఇక్కడ కలపొద్దు.

వైస్ బెడ్‌కి వంక పెట్టడానికి లేదు. మిగిలింది ఆ 0.09. అది చాలా ఎక్కువ. విప్పు.

కొత్త_మిల్లర్
విప్పాను. గుడ్డ పరిచాను. దొర్లింది కూడా. కానీ దొర్లింది అరగోళం కాదు, పూర్తి గుండు. నున్నటి స్టీలు గుండు, బేరింగ్‌లోది అనుకుంటా. నట్టు ఏటవాలు మీద, సరిగ్గా మధ్యలో, చిన్న గుంట పడింది. చుట్టూ ముఖం మాత్రం గ్రైండింగ్ గీతలతో నీటుగా ఉంది.

బాడీని ఎత్తి తట్టాను. గంటలా మోగింది. పక్కింటివాళ్లు తలుపు తెరిచి చూశారు.

పోత_ఇనుము
మోగిందంటే ఎస్‌జీ. ఈ కాపీ తీసినవాడు ఎవరో గానీ మంచి ఇనుము పోశాడు. లేదా కాపీయే కాదు.

స్పిండిల్_శబ్దం
ఆగండి, పూర్తి గుండు పెట్టినా ముందుకు తోస్తుంది కదా? లేవడం దేనికి?

మైక్రాన్_మావయ్య
మంచి ప్రశ్న. గుండు చదును మీద ఒక చుక్క దగ్గరే తాకుతుంది. వైస్ బిగించే బలమంతా ఆ చుక్క మీద పడితే ఎంత గట్టి ముఖమైనా గుంట పడుతుంది. ఒకసారి గుంట పడ్డాక గుండు అందులో కూర్చుంటుంది, ఏటవాలు వెంట జారదు. జారకపోతే కిందికి లాగడం లేదు. నట్టు నేరుగా తోసినట్టే అవుతుంది, అంటే ఇది మామూలు డ్రిల్లింగ్ వైస్ అయిపోయింది. పైగా పూర్తి గుండు పట్టాలంటే నట్టు వెనక్కి ఉండాలి, అందుకని సెట్ స్క్రూ బాగా వదులు చేసి ఉంటారు.

అరగోళం పోగొట్టుకున్నవాడెవడో చేతికందిన గుండు వేసి మూసేశాడు. తర్వాత పెయింటు, తర్వాత రేకు, తర్వాత నువ్వు.

రాగి_సుత్తి
స్క్రూ వెనక, హ్యాండిల్ దగ్గర ఏముందో కూడా చూడు తమ్ముడూ. అక్కడ థ్రస్ట్ బేరింగ్ ఉండాలి, సన్నటి సూదుల్లాంటి రోలర్లు చక్రంలా పేర్చినట్టు ఉంటుంది. తక్కువ రకం కాపీల్లో అక్కడ ఒట్టి వాషర్ పెడతారు. బిగించేటప్పుడు నీ చేతి బలంలో బాగా వంతు వాషర్ రాపిడికే పోతుంది, జాబ్‌కి చేరేది మిగిలిందే. అలాంటి వైస్‌కి గొట్టం తగిలించి బిగించడం అలవాటవుతుంది, అక్కడితో స్క్రూ మరలు అరిగిపోతాయి.

కొత్త_మిల్లర్
సూదులు ఉన్నాయి. నల్లగా గట్టిపడిన గ్రీజులో ఇరుక్కుని ఉన్నాయి. కడిగితే చక్కగా తిరుగుతోంది. స్క్రూ మరలు కూడా పదునుగానే ఉన్నాయి, పక్కలకి అరుగు కనబడలేదు.

అయితే ఇది అసలుదేనా?

మైక్రాన్_మావయ్య
బాడీ, నట్టు, బేరింగ్ చూస్తే నా మనసు అసలు 675 వైపే మొగ్గుతోంది. రేకు మాత్రం అబద్ధం. కానీ బాగా చేసిన కాపీలోనూ ఇవన్నీ ఉండొచ్చు, దూరం నుంచి ప్రమాణం చేయలేను. నీ కొలతల మీద మాత్రం చేస్తాను. బెడ్ సరిగ్గా ఉంది, ఫిక్స్‌డ్ జా గట్టిగా ఉంది, ఇనుము మంచిది. ఇలాంటి బాడీని నేనైతే వదులుకోను.

స్పిండిల్_శబ్దం
డీ688 అని చెప్పి అమ్మాడు కదా, అదైనా అడగాలి.

చిప్పుల_బుట్ట
అడగాలి. ఈసారి నేను మీతోనే.

కొత్త_మిల్లర్
అడిగాను. ఆయన వేరేచోట కొన్నప్పుడే ఆ రేకు ఉందట. తెరుచుకునే కొలత చెబితే ఒకసారి ఆగి, నిజమే అన్నాడు. కొంత సొమ్ము వెనక్కి ఇచ్చాడు. మంచిగానే మాట్లాడాడు.

ఇప్పుడు అరగోళం ఎలా? చేయించుకోవాలా?

మైక్రాన్_మావయ్య
విడి భాగంగా కంపెనీ దగ్గర దొరుకుతుంది. సరిగ్గా అమరితే అంతకన్నా సుఖం లేదు. ఆగలేనంటే చేసుకోవచ్చు కూడా. జా గుంటకి సరిపోయే బేరింగ్ గుండు తీసుకుని సర్ఫేస్ గ్రైండర్ మీద సగం దాకా అరగదీయాలి. లేత్ మీద కోద్దామనుకోకు, ఆ గుండు గట్టిదనం 60 హెచ్ఆర్‌సీ (ఇనుము గట్టిదనం కొలిచే లెక్క) పైనే ఉంటుంది, టూలు పోతుంది. ఒక దిమ్మలో గుండుకి సరిపడే గుంట చేసి, గుండుని అందులో ఎపాక్సీతో అతికించి, పల్చటి కోతలతో, కూలెంట్ ఆపకుండా గ్రైండ్ చెయ్. వేడెక్కి నీలం తిరిగిందంటే మెత్తబడినట్టే, పారేసి ఇంకోటి మొదలుపెట్టు. ఇప్పుడున్న గుండుని వాడకు, దాని మీద ఎన్ని దెబ్బలున్నాయో తెలీదు.

నట్టు మీది గుంటకి చుట్టూ అంచు ఉబ్బి ఉంటుంది, ఉబ్బినంత మేర నూనె రాయితో దించు. గుంట పూడ్చక్కర్లేదు. చదును ముఖం గుంట పక్కల ఆనితే చాలు, గుంటలో గ్రీజు నిలుస్తుంది. ఏటవాలు కోణం మాత్రం మార్చకు.

రాగి_సుత్తి
బిగించేటప్పుడు అరగోళానికి చిక్కటి గ్రీజు పూసి జా గుంటలో అతికించు, తలకిందులు చేసినా పడకూడదు. జా కూర్చున్నాక సెట్ స్క్రూ ఆనేదాకా తిప్పి, తర్వాత కొంచెమే వెనక్కి వదులు. మరీ బిగిస్తే జా జరగదు, మరీ వదిలితే జా మళ్లీ లేవడానికి చోటిచ్చినట్టే. నేను జాని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడిస్తూ సరిచేస్తాను. అది చేతికే తెలుస్తుంది, ఎన్ని డిగ్రీలు అని అడగొద్దు.

కొత్త_మిల్లర్
రెండు వారాలు పట్టింది. మొదటి గుండు నీలం తిరిగింది. రెండోది ఎపాక్సీ ఊడి ఎగిరి ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. మూడోది కుదిరింది.

మళ్లీ అదే దిమ్మ పట్టి, డయల్ అక్కడే పెట్టి బిగించాను. 0.01. ఒక గీత. రెండు ప్యారలల్స్‌నీ వేలితో కదిపి చూశాను, రెండూ బిగుసుకునే ఉన్నాయి. సుత్తి ముట్టుకోలేదు. నాకు వెంటనే నమ్మకం కుదరక వదిలేసి మళ్లీ బిగించాను, అలా నాలుగుసార్లు. అదే గీత.

చిప్పుల_బుట్ట
ఇక ఆ రేకు ఏం చేశావ్?

కొత్త_మిల్లర్
తీసేశాను. దాని కింద ఇంకో రెండు పాత రంధ్రాలు కనబడ్డాయి, వేరే దూరంలో. అంటే ముందు వేరే రేకు ఏదో ఉండేది. అది ఎక్కడుందో, దాని మీద ఏం రాసి ఉందో...

స్పిండిల్_శబ్దం
675 అనే ఉంటుంది. ఈసారి నేను ముందే చెబుతున్నా.

కొత్త_మిల్లర్
మీ నోట మంచి మాట వచ్చింది అన్నా :) చివరిగా ఒకటి. వైస్‌తో పాటు అడుగున తిరిగే స్వివెల్ బేస్ కూడా ఇచ్చాడు. దాని మీద పెట్టి వాడాలా?

రాగి_సుత్తి
కోణంలో కోయాల్సిన రోజు పెట్టుకో. మిగతా రోజులు ఎత్తు తింటుంది, గట్టిదనం తగ్గిస్తుంది, దాని అడుగూ పైనా కలిపి కొలవాల్సిన ముఖాలు ఇంకో రెండు పెరుగుతాయి.

మైక్రాన్_మావయ్య
నాది ఇరవై ఏళ్లుగా బెంచీ కింద ఉంది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాను. బరువు బాగుంటుంది.